మా మేనత్త కుర్చీ దిగిన రోజు

మా చిన్నప్పుడు... నారాయణఖేడ్ మార్కెట్ యార్డులో మా నాన్న హమాలీ. అదే యార్డు ఆఫీసులో, కుర్చీలో మా మేనత్త అంజమ్మ... మార్కెట్ కమిటీ డైరెక్టర్! బడి వదలగానే వెళ్లి కిటికీలోంచి ఆమెను చూసేదాన్ని. నాన్న మూటలు మోసే చోట నాన్న చెల్లెలికి పెద్ద పెద్ద సేట్లు నమస్తే పెడుతుంటే నాకు ఒళ్లు ఝల్లుమనేది.

అత్తది మనూర్ దగ్గర పల్లె. మామ పోయాక రెండెకరాల్లో కందులు పండించుకుని బతికేది. ప్రత్యేక రాష్ట్రం కోసం కొత్త పార్టీ పుట్టిందని విన్నాక, సద్ది మూట కట్టుకుని ఊరూరా నడిచి ఆడవాళ్లను పోగుచేసింది. తర్వాత ఆ పార్టీ ఒక పెద్ద పార్టీతో పొత్తు పెట్టుకుంది, సర్కారులో చేరింది. ఆ పొత్తులోనే అత్తకు ఈ పదవి వచ్చింది.

కుర్చీ ఎక్కాక ఆమె అడిగింది ఒక్కటే... షెడ్డు. కంగ్టి నుంచి, మనూర్ నుంచి కందులు తెచ్చిన రైతులు కాంటా మీద తూకం అయ్యేదాకా ఎండలో కూర్చునేవాళ్లు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మంజూరు చేయించింది. స్తంభాలు లేచాయి...

సరిగ్గా అప్పుడే పొత్తు తెగింది. రాష్ట్రం ఇస్తామన్న మాట నిలబెట్టలేదని అత్త పార్టీ సర్కారులోంచి బయటికి వచ్చింది. పెద్దవాళ్లు రాజీనామాలు చేశారు. అత్తను మాత్రం ఎవరూ అడగలేదు. చిన్న పదవి కదా...

అత్త మా ఇంట్లో ఉన్నప్పుడు పెద్ద పార్టీ నాయకుడొకాయన వచ్చాడు. తమ పార్టీలోకి వస్తే కుర్చీ ఉంటుంది, షెడ్డూ ఆగదు అన్నాడు. నాన్న కూడా ఒప్పుకొమ్మని బతిమాలాడు. అత్త ఆయనకు చాయ్ ఇచ్చి, అంతా విన్నది.

"పొత్తుల వచ్చిన కుర్చీ ఇది. పొత్తే పోయినంక ఇగ నేనెట్ల కూసుంట?"

మర్నాడు రాజీనామా ఇచ్చి ఆఫీసు మెట్లు దిగుతుంటే, ఒక ముసలి రైతు అడ్డం వచ్చాడు.

"నీ పౌరుషానికి మేము ఎండల మాడాల్నా అంజమ్మా?"

హమాలీలంతా మూటలు దించి నిలబడిపోయారు. అత్త ఆయన దగ్గరికి దిగి వచ్చింది.

"నువ్వన్నది నిజమే కాకా. కుర్చీ ఇడిసిన గానీ... మిమ్ముల ఇడువలే."

షెడ్డు ఆగిపోయింది. రెండేళ్లు ఆ స్తంభాలు అట్లాగే నిలబడ్డాయి. రెండేళ్లూ ప్రతి సంతరోజు అత్త అదే ఆఫీసుకు వెళ్లింది. ఒకప్పుడు కూర్చున్న గదిలోనే చేతులు కట్టుకుని నిలబడి షెడ్డు సంగతి అడిగేది. నాకు సిగ్గనిపించేది... ఆమె ముఖంలో మాత్రం ఆ ఛాయే లేదు.

చివరికి రేకులు పడ్డాయి. ప్రారంభం రోజు వేదిక మీద అత్త లేదు. కింద నీడలో, రైతుల వరుసలో, తన కందుల సంచి మీద కూర్చుని కాంటా కోసం ఎదురుచూస్తోంది. ఆమెను చూస్తుంటే, అంత పెద్ద మనిషి మా ఇంట్లో మనిషేనా అనిపించింది...

ఇప్పుడు పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఇంకో పార్టీ. మా పిల్లలు దాన్ని వార్తగా కూడా చూడడం లేదు...

ఎవరూ అడగకుండానే పదవి వదులుకున్నవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు ఏ పేపర్లోనూ వచ్చి ఉండవు... కనీసం ఇక్కడ, ఈ పోస్టు కిందైనా రాయండి.