ఇష్తియాక్ గోడ మీద నీలం

ఆటోనగర్‌లో మా షెడ్డు, ఇష్తియాక్ భాయ్ షెడ్డు పక్కపక్కనే ఉంటాయి. కార్ల సొట్టలు తీయడం నా పని, రంగు వేయడం ఆయన పని. నా పేరు కృపానందం. దాన్ని ఆయన ముప్పై ఏళ్ల కిందటే ఆనందం అని కుదించేశాడు. నేను సుత్తితో సరిచేసిన ప్రతి డోరునీ వేలితో తడిమి "ఇక్కడ ఇంకా ఎత్తుంది, ఆనందం" అంటాడు. ఒళ్లు మండుతుంది. పైగా ఆ వేలు ఎప్పుడూ తప్పు చెప్పదు.

ఆయన షెడ్డులో ఒక గోడ ఉంది. పాత కారుకు కంపెనీ రంగు అచ్చంగా కుదిరిందనుకున్నప్పుడు ఆ గోడ మీద బ్రష్షుతో ఒక్క పట్టీ వేసి, పక్కన బండి నంబరు రాస్తాడు. రెండొందల పైచిలుకు పట్టీలున్నాయి. అన్నీ కంటితో చూసి చేత్తో కలిపినవే. కూతురు అఫ్సా పనిచేసే పెయింట్ల షాపులో రంగుకు ఆనిస్తే పాళ్లు చెప్పే చేతి మిషన్ ఉంది. "అది కళ్లు లేనివాళ్లకు" అని కొట్టిపారేసేవాడు.

కిందటి వేసవిలో కంకిపాడు నుంచి రామతులసి గారు ఒక పాత ఫియట్ తెచ్చారు. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు, వయసు డెబ్బై దాటింది. అది వాళ్ల నాన్నగారి బండి. ఇరవయ్యో ఏట ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే.

"కంపెనీ నుంచి వచ్చినప్పటి రంగే కావాలండీ. లేత నీలం. మళ్లీ నేనే నడపాలి" అన్నారు.

బండి రంగును ఏనాడో రేకు దాకా గీకేసి ఎవరో ఎరుపు కొట్టారు. పాత రంగు మిగిలింది రేకు డాష్‌బోర్డు మీద మాత్రమే. భాయ్ దాన్ని సబ్బునీళ్లతో తుడిచి, అలాంటి రంగే కలిపి, ముందు ఒక్క డోరుకు కొట్టాడు. గోడ మీద పట్టీ కూడా వేసేశాడు. నా కంటికది కాస్త ఆకుపచ్చగా అనిపించి, ఆవిడ నీలమన్నారు కదా అని గుర్తుచేశాను. "మనిషి గుర్తు మారుతుంది ఆనందం, రేకు మీది రంగు మారదు" అన్నాడు. ఆయనతో ఎవరు వాదిస్తారు?

వారం తర్వాత రామతులసి గారు వచ్చి డోరు చూశారు.

"ఇదేంటండీ, ఆకుపచ్చగా ఉంది?"

"డాష్‌బోర్డు చూసే కలిపానండీ."

"యాభై ఏళ్లు చూసిన బండి, నాకు తెలీదా?" అని నా వైపు తిరిగారు. పచ్చగానే ఉందన్నాను. అబద్ధం చెప్పడం చేతకాదు, అదే నా ఖర్మ.

ఇంకో రోజైతే భాయ్ కస్సుమనేవాడు. ఆ రోజు ఎడమ కన్ను నలుపుకున్నాడు. అంతకు ముందు నెలలోనే ఒక వ్యానుకు రంగు తేడా వచ్చి మళ్లీ కొట్టాల్సి వచ్చింది. ఎడమ కంట్లో శుక్లం మొదలైందని డాక్టరు చెప్పిన సంగతి ఆ సాయంత్రం గానీ బయటపెట్టలేదు.

"కన్ను మోసం చేస్తోంది, ఆనందం. ఇక రంగు ముట్టుకోను."

స్ప్రే గన్ కడిగి మేకుకు తగిలించాడు. మర్నాడు ఆ పట్టీల గోడకు కొట్టించడానికి సున్నం బస్తా తెప్పించాడు. ఆ బస్తా చూస్తే నాకు ఏడుపొచ్చింది.

బస్తా విప్పకముందే అఫ్సా మిషన్ పట్టుకుని వచ్చింది.

"అదెందుకు తెచ్చావే?"

"మీకోసం కాదు బాబా, నా మనసు ఊరుకోక."

డోరుకు ఆనించింది. డాష్‌బోర్డుకు ఆనించింది. మూడుసార్లు చూసింది. "రెండూ ఒకటే బాబా. మీ కన్ను సరిగ్గానే చూసింది. అయితే డాష్‌బోర్డుకే ఏదో అయింది" అని అక్కణ్ణించే రామతులసి గారికి ఫోన్ చేసింది.

"మేడం, డాష్‌బోర్డు మీద ఎప్పుడైనా ఏమన్నా పూశారా?"

"ఏం పూయలేదమ్మా. నాన్నగారు దేవుడి పటం పెట్టుకుని రోజూ అగరొత్తులు వెలిగించేవారు. వెలిగించకుండా గేరు వేసేవారు కాదు. ఆయన తర్వాత నేనూ అంతే."

భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. ఏళ్ల తరబడి మూసిన అద్దాల మధ్య అగరొత్తుల పొగ! నీలం మీద పసుపు పొర పడితే పచ్చ కాక ఇంకేమవుతుంది? నేను స్క్రూడ్రైవరు కోసం పరుగెత్తాను. స్పీడోమీటరు ఊడదీశాం. దాని అంచు కింద, పొగ చేరని చోట, సన్నగా గుండ్రంగా లేత నీలం ఉంది. భాయ్ ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. ఆ ముఖం చూసి నా కడుపు నిండిపోయింది.

కొత్త రంగు చేత్తోనే కలిపాడు. ఆఖర్న "ఏదీ, నీ మిషన్ పెట్టు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. మిషన్ సరేనంది. అదే ఊపులో అఫ్సా ఆయన్ని శుక్లం ఆపరేషన్‌కు కూడా ఒప్పించింది.

బండి తీసుకెళ్లే రోజు రామతులసి గారు సీట్లో కూర్చుని, సంచిలోంచి అగరొత్తుల కట్ట తీశారు. ముగ్గురం ఒక్కసారిగా "అమ్మా!" అని అరిచాం. భాయ్ తన మధ్యాహ్నం అరటిపండు తెచ్చి ముందు చక్రం పక్కన నేల మీద పెట్టాడు.

"ఇందులో గుచ్చండమ్మా. దేవుడికి ఇక్కడైనా కనిపిస్తుంది."

ఆవిడ పకపకా నవ్వి, దిగి, గుచ్చి, వెలిగించి, నీలం ఫియట్ తానే నడుపుకుంటూ వెళ్లారు.

సున్నం బస్తా నేను తెచ్చుకుని మా షెడ్డుకు కొట్టించుకున్నాను. భాయ్ తన గోడ మీద నీలం పట్టీ వేసి నంబరు రాశాడు. పక్కనే ఆ పచ్చ పట్టీ.

"దాన్ని చెరిపేయనా బాబా?" అంది అఫ్సా.

"ఉండనీ. అదీ సరిగ్గానే చూశాను" అన్నాడు. ఆ పట్టీ పక్కన నంబరు కొట్టేసి "అగరొత్తులు" అని రాశాడు.