మాట్లాడకుండా కూర్చున్నావిడ

సుందర్‌రాజు పోయాక జీవమ్మ సెలవు పెట్టి ఊరెళ్లింది, భర్తను మట్టిలో పెట్టింది, బహ్రైన్ తిరిగొచ్చి అద్లియాలో తన డ్యూటీలో చేరింది. ఇవన్నీ ఎవరో చేస్తుంటే తను పక్కన నిలబడి చూసినట్టే ఉంది ఆవిడకు.

సుందర్‌రాజు అస్కర్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీ దగ్గర కాంట్రాక్టు పని చేసేవాడు. ఒక వేకువన పనివాళ్లుండే క్యాంపులో మంచం మీంచి లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నా విడివిడిగానే బతికారు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం తెలుగువాళ్ల ప్రార్థన కూటంలో కలుసుకుని, ఒక పూట కలిసి తిని, ఎవరి బస్సు వాళ్లు ఎక్కేసేవారు. అందుకే కాబోలు, మిగతా రోజుల్లో ఆయన లేడన్న సంగతి జీవమ్మకు తట్టేది కాదు. శుక్రవారం నాడు కూడా పెద్దగా తట్టకపోవడమే ఆవిడకు వింతగా ఉండేది.

ఏడవలేదు. గట్టి మనిషన్నారు కొందరు. దేవుడిచ్చిన నిబ్బరమన్నారు ఇంకొందరు. ఎలా ఉన్నావని ఎవరడిగినా బాగున్నానండీ అనేది. నవ్వాల్సిన చోట నవ్వేది కూడా.

ఆవిడ పనిచేసేది పాత విల్లాలో నడిచే ఒక సాంస్కృతిక కేంద్రంలో. బొమ్మల ప్రదర్శనలు, ఉపన్యాసాలు జరిగేవి. నేల తుడవడం, కుర్చీలు సర్దడం, వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వడం జీవమ్మ పని. ఆ ఏడాది అక్కడ సోమవారం సాయంత్రాలు కొత్త కార్యక్రమం మొదలైంది. యూదుల చరిత్ర, వాళ్ల బతుకు, వాళ్ల ఆలోచనలు, ఎవరైనా రావచ్చు, వినొచ్చు, అడగొచ్చు. చెప్పేది సలీమా మేడమ్. డెబ్బై దాటిన మనిషి, స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. పుట్టింది, పెరిగింది ఇక్కడే, మనామాలో. వాళ్ల తాత బస్రా నుంచి ఓడలో వచ్చాడట. తండ్రి బొంబాయి నుంచి బట్టలు తెప్పించి బజారులో అమ్మేవాడట. అందువల్ల ఆవిడకు హిందీ బాగా వచ్చు, జీవమ్మతో హిందీలోనే మాట్లాడేది.

జీవమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఆ ఇంగ్లీషు, అరబ్బీ కలగలుపులో అందినంత వినేది. ఒకసారి ఒక కాలేజీ పిల్ల లేచి, "మీరు ముందు బహ్రైనీనా, యూదురాలా?" అని అడిగింది.

"పొద్దున్న లేవగానే నేను సలీమాని," అంది మేడమ్. "మిగతావన్నీ ఎవరైనా అడిగినప్పుడు గుర్తొస్తాయి."

జనం నవ్వారు. జీవమ్మ కప్పులు లెక్కపెట్టుకుంటూ లోపలికి వెళ్లింది.

ఈ ఉపన్యాసాల సంగతి ప్రార్థన కూటంలో తెలిసి పెద్ద సందడైంది. ముఖ్యంగా ఏంజెల్‌కు. ఆవిడ నర్సు, కూటం నడిపే పెద్దాయన భార్య. సుందర్‌రాజు పోయినప్పుడు ఆసుపత్రి నుంచి విమానం దాకా కాగితాలన్నీ తిరిగి చేయించింది ఆవిడే. జీవమ్మకు ఆ మేలు గుర్తే.

"అక్కా, ఇశ్రాయేలీయుల గురించేనంట గదా! మాకు చెప్పనే లేదేంటి?" అంది.

"నువ్వడగలేదు గదమ్మా."

"మేమూ వస్తాం అక్కా. వాళ్ల నోట వినడం ఎంత ధన్యత!"

అన్నట్టే వచ్చే సోమవారానికి తెల్లచీరలు కట్టుకుని అయిదారుగురు ఆడవాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పవిత్ర దేశం గురించి వింటామనుకున్నారు. సలీమా మేడమ్ ఆ రోజు తన నాయనమ్మ గురించి చెప్పింది. ఆవిడ బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేదని, ఏ ఇంట్లో పెళ్లి కుదిరిందో, ఏ ఇంట్లో మనిషి పోయాడో ఊరందరికన్నా ముందు ఆవిడకే తెలిసేదని చెప్పింది. బజారు సందులో యూదులు ప్రార్థన చేసుకునే చిన్న సమాజమందిరం గురించీ చెప్పింది.

"ఈవిడ అచ్చం అరబ్బావిడలాగే ఉంది గదే," అని గొణిగింది ఒకావిడ.

మనిషి పోయిన ఇళ్ల మాట వచ్చింది గనక, ప్రశ్నలడిగే సమయానికి ఏంజెల్ లేచింది. బెరుకు లేకుండా చక్కటి ఇంగ్లీషులో, మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు మీరేం చెప్తారని అడిగింది. అక్కడితో ఆగలేదు.

"మా అక్క ఇక్కడే ఉంది మేడమ్. ఈ మధ్యే భర్త పోయాడు. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. మీ నోటితో ఒక్క ఓదార్పు మాట చెప్పండి," అంటూ వెనక్కి చెయ్యి చూపించింది.

హాలంతా వెనక్కి తిరిగింది. జీవమ్మ చేతిలో చాయ్ ట్రే. సిగ్గూ కోపమూ రావాల్సిందని ఆవిడకు తెలుసు. ఏదీ రాలేదు.

 సలీమా మేడమ్ నెమ్మదిగా చెప్పింది. మా వాళ్లలో మనిషి పోయిన ఇంట్లో ఏడు రోజులు కింద, పీటల్లాంటి వాటి మీద కూర్చుంటారు. మొదటి భోజనం ఇరుగుపొరుగే తెస్తారు, సొంతింట్లో వండినది తినరు. చూడవచ్చినవాళ్లు మౌనంగా కూర్చోవాలి. ఆ ఇంటివాళ్లు నోరు తెరిచే దాకా వీళ్లు తెరవకూడదు. "కాబట్టి నా దగ్గర మాటేం లేదు," అని తన కుర్చీలో కూర్చుండిపోయింది.

 అందరూ జీవమ్మ వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలన్నట్టు ఎదురుచూస్తున్నారు.

"చాయ్ చల్లారిపోతోందండీ," అంది జీవమ్మ.

అని, మొదటి వరస నుంచి కప్పులు అందించుకుంటూ వచ్చింది.

అందరూ వెళ్లిపోయాక వంటగదిలో కప్పులు కడుగుతుంటే సలీమా మేడమ్ లోపలికొచ్చింది. కూరగాయలు తరిగేటప్పుడు వేసుకునే పొట్టి స్టూలు మీద, మోకాళ్లు పట్టుకుని కష్టంగా కూర్చుంది.

"ఏమన్నా కావాలా మేడమ్?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కప్పులన్నీ కడిగి, తుడిచి, బోర్లించే దాకా కూర్చుని, జీవమ్మ భుజం పట్టుకుని లేచి వెళ్లిపోయింది. పై సోమవారమూ అంతే. జీవమ్మకు మొదట్లో ఇబ్బందిగా ఉండేది. కాళ్లకు అడ్డంగా ఉందనుకునేది. తర్వాత్తర్వాత ఆవిడ ఉన్నా లేనట్టే పని చేసుకుపోవడం అలవాటైంది.

కొన్ని వారాలు అలా గడిచాక, ఒక రోజు సబ్బు చేతులతోనే జీవమ్మ అంది, "చేపలో ముళ్లు తీసుకోవడం ఆయనకి రాదు మేడమ్. ఇంత వయసొచ్చినా నేనే తీసి పెట్టాలి."

"ఏ చేప?"

"ఇక్కడ సాఫీ అంటారు గదా, అది."

"సాఫీలో ముళ్లెక్కువే," అంది మేడమ్.

జీవమ్మ ఇంకో కప్పు కుళాయి కింద పెట్టింది.

"ఆయన సామాన్ ఇంకా క్యాంపులోనే ఉంది," అంది జీవమ్మ.

"తెచ్చుకుంటావా?"

"తెలీదు."

"నా కారుంది. డ్రైవరున్నాడు. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు."

అనిపించడమంటూ ఏమీ జరగలేదు. ఒక సెలవు రోజున మేడమ్ కారు వచ్చి ఆగింది, జీవమ్మ ఎక్కింది. అస్కర్ క్యాంపు గేటు దగ్గర సుందర్‌రాజు గదిలో ఉండే వీరబాబు అట్టపెట్టె మోసుకొచ్చాడు. అమలాపురం వైపు కుర్రాడు. జీవమ్మను చూడగానే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అన్నయ్య చాలా మంచోడక్కా. ఆ రోజు రాత్రి కూడా నవ్వుతానే ఉన్నాడు..." అని, ఆపేసి, "బూట్లు కూడా ఉన్నాయక్కా. తెమ్మంటారా?"

"నీకు సరిపోతే వాడుకో తమ్ముడూ."

కారులో పెట్టె తెరిచింది. లుంగీలు, గడ్డం గీసుకునే సామాను, అడుగున కవరు విప్పని రెండు చొక్కాలు. పోయినేడు పండక్కి తను కొనిచ్చినవే. ఒక్కసారి కూడా తొడుక్కోలేదు.

"చూడండి మేడమ్! మడత కూడా విప్పలేదు! ఏ రోజు కోసం దాచుకున్నాడంట?" గొంతు పెద్దదైపోయింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "చింపిరి చొక్కాతో కూటానికొస్తే నలుగురూ నన్నే గదా అనుకునేది! చెప్తే వినే మనిషేనా!"

మేడమ్ వింటూ కూర్చుంది. జీవమ్మ అలా ఊరు పొలిమేర దాకా తిట్టింది. మనామా వీధులు వచ్చేసరికి ఆ కోపం కూడా పోయింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అద్లియాలో దిగేటప్పుడు షుక్రియా అంది. మేడమ్ ఖలాస్, అయిపోయింది, ఇక పడుకో అంది.

ఆ శుక్రవారం ఏంజెల్ దగ్గరికొచ్చి, "అక్కా, ఆ రోజు అందరి ముందూ అలా అడిగాను. బాధపడ్డావా?" అంది.

"లేదమ్మా," అంది జీవమ్మ. అది నిజమే.

"ఇవాళన్నా ముందుకొచ్చి, దేవుడు నిన్నెలా నిలబెట్టాడో సాక్ష్యం చెప్తావా?"

"ఇప్పుడు కాదు ఏంజెల్."

ఏంజెల్ సరేనని ఇంకొకావిడ దగ్గరికి వెళ్లింది.

ఎండాకాలం ఉపన్యాసాలు ఆపేశారు. సలీమా మేడమ్ లండన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లింది. జీవమ్మ నేలలు తుడిచింది, తిన్నది, పడుకుంది. చలికాలం వచ్చాక మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి యూదుల పండితులు ఒకే మాట మీద తరాల తరబడి ఎలా వాదించుకున్నారో చెప్తున్నారు. మొదటి సాయంత్రమే మేడమ్ ఏదో అనగా హాలంతా పగలబడి నవ్వింది. గుమ్మంలో ఉన్న జీవమ్మకు అందలేదు.

వంటగదిలో మేడమ్ స్టూలు మీద కూర్చోగానే, ఉపన్యాసాల గురించి ఎన్నడూ అడగని జీవమ్మ అడిగింది, "ఇందాక దేనికి నవ్వారు మేడమ్?"

మేడమ్ హిందీలో చెప్పింది. ఇద్దరు పండితులు వాదించుకుంటుంటే మూడో ఆయన వచ్చి మీరిద్దరూ రైటే అన్నాడట. ఇద్దరూ ఎలా రైటవుతారని నాలుగో ఆయన అడిగితే, నువ్వన్నదీ రైటే అన్నాడట.

జీవమ్మ కప్పు తుడుస్తూ కాసేపు ఆలోచించింది.

"అంతేనా?" అంది.

"అంతే," అంది మేడమ్.