చిన్న దెబ్బేనని చెప్పాను

ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కనున్న ఒక పత్తి జిన్నింగు మిల్లులో హెచ్‌ఆర్ ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాదిన్నర. డిపార్ట్‌మెంటంటే ఇద్దరమే, నేనూ మా సీనియర్ గారూ. ఆయనది కొత్తపట్నం. బీపీ మాత్రలు సొరుగులో పెట్టుకుని, కూలీల తిట్లూ యాజమాన్యం తిట్లూ రెండూ పడుతూ ఏళ్ల తరబడి అదే కుర్చీలో కూర్చున్న మనిషి. నేను గుంటూరులో ఎంబీఏ చేశాను. కార్మిక చట్టాలు చదివాను, ఇంటర్వ్యూలు ఎలా చెయ్యాలో చదివాను. మనిషికి దెబ్బ తగిలితే ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలో మాత్రం ఎక్కడా చదవలేదు.

మిరప కోతల రోజులు. పొద్దున పదకొండింటప్పుడు గోడౌన్లో బేళ్ల వరస ఒరిగి, ఒక పత్తి బేలు హమాలీ మీద పడింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి అతన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టారు. నలభై ఏళ్లుంటాయి. ఒంటి మీద రక్తపు చుక్క లేదు. మంచినీళ్లు అడిగాడు. పెదవులు మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి.

అంబులెన్సులో నన్ను తోడు వెళ్లమన్నారు. ఎక్కబోతుంటే సీనియర్ గారు పక్కకి పిలిచారు.

"వాళ్లింటికి ఫోన్ చెయ్యమ్మా. చిన్న దెబ్బేనని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పావంటే ఊరంతా వచ్చి గేటు ముందు కూర్చుంటుంది."

నాకు దొరికిన ట్రైనింగు అదే.

అతని భార్య మిరప చేలో ఉంది. ఫోన్లో వెనక నుంచి ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"అక్కా, మిల్లు నుంచి మాట్లాడుతున్నా. మీ ఆయనకి చిన్న దెబ్బ తగిలింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. కంగారు పడొద్దు."

"మాట్లాడతన్నాడా?"

"మాట్లాడుతున్నాడక్కా."

"అయితే ఇంకో రెండు సాళ్లున్నయ్, కోసేసి వస్తా. అన్నం తేనా ఆయనకి?"

ఆ ఒక్క క్షణం నాకు దొరికింది. వద్దు, ఇప్పుడే రా అనొచ్చు. "తీసుకురండి" అన్నాను.

ఆసుపత్రిలో లోపల రక్తం పోతోందన్నారు. మంచం మీద అతను నా వైపు తల తిప్పి, "మా ఆవిడ వస్తందా మేడం?" అని అడిగాడు.

"బయల్దేరిందన్నా."

కాసేపాగి మళ్లీ అదే అడిగాడు. నేను బయటికొచ్చి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. ఫోను సంచిలో పెట్టి గట్టు మీద వదిలిందని తర్వాత తెలిసింది. మూడోసారి అడిగినప్పుడు మళ్లీ ఫోన్ చెయ్యడానికి బయటికొచ్చాను. ఒంటిగంటన్నరకి చనిపోయాడు.

అక్కడున్న నర్సు నన్ను అడిగింది: "ఇంటికి ఏమని చెప్పారు?"

చెప్పాను. ఆమె కోప్పడలేదు. "చూసుకోడానికి టైముండేదండీ" అంది.

మూడింటికి అతని భార్య వచ్చింది. మొహం కడుక్కుని, చీర మార్చుకుని, చేతిలో క్యారేజీతో. నేను లేచి నిలబడ్డాను. నర్సే ఆమె చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి, "మీ ఆయన చనిపోయాడమ్మా" అని ఒక్క మాటలో చెప్పింది. ఆమె నర్సు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"చిన్న దెబ్బన్నావు కదమ్మా."

మర్నాడు సమాధుల దొడ్లో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే దూరంగా నిలబడ్డాను. ఎవరైనా నాలుగు తిడతారనుకున్నా. ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత వారం మేనేజర్ గారిని అడిగాను. "ఇలాంటివి ఎలా చెప్పాలో మాకెవరైనా నేర్పాలండీ."

నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. బెలూన్లు ఊదించాడు, గట్టిగా నవ్వమన్నాడు, ఒత్తిడిని జయించినట్టు మా ఇద్దరికీ సర్టిఫికెట్లిచ్చాడు. సీనియర్ గారు బెలూను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. ఆ నెలాఖరుకి రాజీనామా చేశారు. వెళ్లేముందు అన్నారు: "ఇలాంటి ఫోన్లు ఎన్ని చేశానో గుర్తులేదమ్మా. అన్నిట్లోనూ చిన్న దెబ్బే."

ఒక ఆదివారం నేనే ఆసుపత్రికెళ్లి ఆ నర్సుని వెతుక్కున్నాను. క్యాంటీన్లో టీ తాగుతూ చెప్పింది. ముందు మీరెవరో చెప్పండి. పెద్ద దెబ్బే తగిలిందని చెప్పండి. ఎక్కడికి రావాలో చెప్పి, వెంటనే రమ్మనండి. అవతలి మనిషి మాట్లాడేదాకా ఫోన్ పెట్టెయ్యకండి. అదంతా నేర్పడానికి ఆమెకి పది నిమిషాలు పట్టింది.

వానాకాలంలో ఒకతని చెయ్యి మిషను బెల్టులో పడింది. వాళ్లమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చెప్పుల్లేకుండా ఆసుపత్రి ముందు ఆటో దిగి పరిగెత్తుకొచ్చి నా భుజాలు పట్టి ఊపేసింది. "అట్టా చెప్తారటే ఫోన్లో? నా గుండె ఆగిపోతే ఎవరే దిక్కు వాడికి?"

"లోపలున్నాడు పెద్దమ్మా, స్పృహలోనే ఉన్నాడు, వెళ్లండి" అన్నాను.

తర్వాత మోచేయి దాకా తీసేశారు, మనిషి బతికాడు. ఆ రోజు ఆమె లోపలికెళ్లగానే తలుపవతల నుంచి "అమ్మా" అని అతని కేక వినిపించింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఫోన్లో మేనేజర్ గారి మెసేజి: కూలీదే అజాగ్రత్తని రాసి, సాయంత్రంలోగా రిపోర్టు పంపండి.