గంగులప్ప ఇంటి నడవ

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. మొదట దాన్ని చేత్తో గీశాను, తరువాత నోటితోనూ ఆడాను. భూముల సర్వే ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రతి కొలతనూ, ప్రతి తగాదానూ రాసిపెట్టుకున్నవాణ్ణి. ఈ ఒక్కటి మాత్రం ఎక్కడా రాసుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పుంగనూరులో బస్టాండు నుండి సంతకు పోవాలంటే వీధి చాలా దూరం చుట్టి వస్తుంది. అడ్డదారి ఒకటే ఉండేది. పట్టునూలు వ్యాపారి గంగులప్ప ఇంటి నడవ. ముందు వీధిలో ఎక్కి వెనుక వీధిలో దిగవచ్చు. తాతల కాలం నుండి ఆ ఇంటివారు పగలంతా రెండు తలుపులూ తెరిచి ఉంచేవారు. నడవ గోడలో వారి ఇంటి దేవత దీపం గూడు ఉంది కాబట్టి, దాటేవారు చెప్పులు చేత పట్టుకొని దాటాలి. అది ఊరి మర్యాద. దాన్ని నేనెన్నడూ తప్పుపట్టలేదు.

తొంభైలలో ఒక వానరోజు మా నాయనను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్లాను. చక్కెర జబ్బుతో ఆయన పాదం పుండై ఉంది. కట్టు మీద చెప్పు తొడిగి తాడుతో బిగించాము. విప్పడానికి వీలులేదని చెప్పాను. గంగులప్ప నలుగురితో అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"చెప్పు ఇప్పలేనోడికి అడ్డదావ యాలప్పా? సుట్టుకోని పో పెద్దాయనా. వానలో కాలు కడిగినట్లూ ఉంటాది" అన్నాడు.

నలుగురూ నవ్వారు. నాయన వెనుదిరిగాడు. గంగులప్ప అక్క నరసమ్మ ఎప్పుడూ ఆ నడవలోనే పీట వేసుకొని కూర్చునేది, వచ్చేపోయేవారికి చెంబుతో నీళ్లిచ్చేది. చూపు మందగించిన ఆ మనిషి గోడ తడుముకుంటూ వెనుకే వచ్చి, నాయన తలమీద ఒక గోనెపట్ట కప్పింది. తరువాతి సంవత్సరాల్లో ఆ గోనెపట్టను మరిచిపోయాను. నవ్వును మాత్రం మరవలేదు. ఆ ఏడాదే నాయన కాలు తీసేశారు. వాన వల్లనే అని వైద్యుడు అనలేదు. నేనే అనుకున్నాను. అనుకోవడం నాకు అవసరమైంది.

రెండువేల సంవత్సరం దాటాక, నేను పదవీ విరమణ చేసిన తరువాత, కుప్పంలోని ఒక కళాశాలవారు కుప్పం, పుంగనూరు, మదనపల్లెలకు కంప్యూటరులో కాలినడక దారుల పటాలు తయారుచేయ పూనుకొని, కొలత పని తెలిసినవాణ్ణని నన్ను పిలిచారు. కంప్యూటరు దారి చూపాలంటే ముందుగా ప్రతి చోటు గురించీ అది లోపలా, బయటా అన్నది దానికి చెప్పాలి. మన ఊళ్లలో సగం చోట్లు ఈ రెండింటిలో దేనికీ లొంగవు. మదనపల్లె టమోటా మండీలో కప్పు ఉంటుంది, గోడలుండవు. వేలం సాగుతున్నప్పుడు మనిషి దూరే సందూ ఉండదు. కుప్పంలో అంగళ్ల వసారాలు ఒకదానితో ఒకటి కలిసి వాననాడు దారి అవుతాయి. ఒక అంగడి మూస్తే ఆ తునక తెగిపోతుంది. అందుకని 'సగం మూసినది' అని మూడో తరగతి పెట్టించింది నేనే. అలాంటి ప్రతి చోటికీ అది ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఎవరి అనుమతి కావాలి, ఏ మర్యాద పాటించాలి అన్నవి పక్కన రాయాలన్న నియమమూ నాదే.

గంగులప్ప నడవ వంతు వచ్చింది. 'బయట. వీధి. అడ్డు లేదు' అని రాశాను.

పొరపాటా? కాదు. తెలిసే రాశాను.

పటం అచ్చయి బస్టాండులో బోర్డుగా నిలిచింది. సంతనాడు పైఊళ్లవాళ్లు చెప్పులతో నడిచారు, తరువాత మేకలను తోలారు, చివరికి సైకిళ్లు తొక్కారు. ఇంటివారు అడ్డుపడితే బోర్డు చూపించారు. ఎదుటి టీ అంగడిలో కూర్చొని నేను అంతా చూశాను. నెమ్మదిగా తాగాను.

గంగులప్ప మా ఇంటికి వచ్చాడు.

"సారూ, బోర్డులో మా నడవని వీధని రాసుండారంట. మేకలు దీపం గూడు కాడ పెంటికలు ఏస్తాండాయి. ఒక మాట చెప్పి మార్పించండి."

"కొలిచిందే గీసినానప్పా."

"అది మా ఇల్లని మీకు తెలీదా?"

"కష్టంగా ఉంటే మీరే సుట్టుకోని పోండి."

ఆ మాట అనడానికి ఎన్నేళ్లు కాచుకున్నాను! అతని ముఖంలో ఏమీ కదలలేదు. అది తన మాటేనని అతనికి గుర్తే లేదు. పగ తీరినట్టా, తీరనట్టా?

అతను మళ్లీ రాలేదు. వెనుక గుమ్మానికి ఇటుకగోడ కట్టించి, ముందు తలుపు మూసేశాడు. సంత గంపల ఆడవాళ్లు, చంటిబిడ్డల తల్లులు, కాళ్లనొప్పుల ముసలివాళ్లు అందరూ చుట్టుదారి పట్టారు. గంగులప్ప మా నాయన ఒక్కణ్ణి చుట్టు తిప్పాడు. నేను ఎంతమందిని తిప్పాను?

బోర్డు సవరించే వేళ వివరాలు సరిచూసుకోవడానికి ఆ ఇంటికి వెళ్లక తప్పలేదు. చీకటి నడవలో నరసమ్మ అదే పీట మీద ఉంది. పక్కన నిండు చెంబు.

"ఎవురప్పా? నీళ్లు తాగుతావా? ఈ మద్దెన ఎవురూ రావడంలే. జనం యాడికి పోతాండారో. నాకే సూపు లేక తెలీడంలేదేమో అనుకుంటాండా."

ఆమెకు గోడ సంగతి ఎవరూ చెప్పలేదా? చెప్పినా నమ్మలేదా? నేను ఆ నీళ్లు తాగాను. చెంబు పీట పక్కన పెట్టాను. బయటికి వచ్చి 'లోపల. దారి లేదు' అని రాశాను. ఈసారి రాసింది నిజం. దాన్ని నిజం చేసింది నేను. కొన్ని సంతలు గడిచేసరికి నరసమ్మ పోయింది, పీట ఖాళీ అయింది.

గంగులప్పను క్షమించలేదు. ఇకమీదటా క్షమించను; ఆ నవ్వు నా చెవిలో అట్లాగే ఉంది. నరసమ్మను క్షమించమని అడగనూ లేదు, అడిగే హక్కు నాకు లేదు. ఉన్నదల్లా ఒక్క సవరణ, ఆనాడు నేను రాయవలసింది. ఆ నడవ వీధి కాదు. అది సగం మూసినది. పగలంతా తెరిచి ఉంటుంది. ఇంటివారి దయతో, చెప్పులు చేత పట్టుకొని నడవాలి. లోపల ఒకామె నీళ్లిస్తుంది.

ఇన్నేళ్లకు సరిగా రాశాను.