మా ఇంటికి రంగులేసిన మేస్త్రిగారు

మేస్త్రిగారు పోయారని ఏలూరు నుంచి వాళ్ల అల్లుడు పొద్దున్నే ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారట. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్తామన్నాడు. నేను స్కూలుకు సెలవు చెప్పాను. మావారికి చెబితే చొక్కా వేసుకుని వీధి గుమ్మంలో నిలబడ్డారు. ఆకివీడులో బస్సెక్కాం.

ఆయన మాకు చుట్టం కాదు, మా వీధి మనిషీ కాదు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు కొట్టేసిన ఏడాది మా ఇంటికి రంగులు వేశారు, అంతే. అయినా ఆయన్ని తలుచుకోకుండా ఉండలేను.

ఆ గట్లతోపాటు మావారి చెరువూ పోయింది. ఆయన్ని నమ్మి మా ఆడపడుచు వాళ్లూ అందులో వాటా పెట్టారు. వాళ్లకి మొహం చూపించలేక మావారు బయటికి వెళ్లడం మానేశారు. ముందుగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. అన్నం పెడితే తినేవారు. పలకరిస్తే 'ఊఁ' అనేవారు. నేను పొద్దున్నే వండి, స్కూల్లో పాఠాలు చెప్పి, వచ్చి మళ్లీ వండేదాన్ని. ఆ రోజుల్లో నాకు గుర్తున్నదల్లా అలసటే. ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఇల్లు మా మావగారు కట్టించిన పాత మేడ. సముద్రం మాకు కనపడదు గానీ ఉప్పుటేటి మీంచి వచ్చే గాలి చాలు, గోడలు తినెయ్యడానికి. చెమ్మకి ఉబ్బి, సున్నం పెచ్చులుగా రాలిపడేది. మేడమీద గదులు అద్దెకిస్తే తప్ప ఇల్లు గడిచేలా లేదు. ఆ గోడలు చూస్తే ఎవరూ అద్దెకు రారు.

అప్పుడే మా స్కూలుకి రంగులు వేయిస్తున్నారు. కింద కూర్చుని కిటికీలకు రంగు వేస్తున్న పెద్దాయన్ని అడిగాను, మా ఇల్లు ఒకసారి చూస్తారా అని.

"ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటారాండీ?" అన్నారు.

"మావారుంటారండి. రోజంతా ఇంట్లోనే ఉంటారు," అన్నాను. నా గొంతులోని విసుగు ఆయన గమనించే ఉంటారు. వచ్చి చూస్తానన్నారు.

ఏలూరు నుంచి మొదటి బస్సుకి వచ్చేవారు. చెప్పులు వీధిలోనే విడిచి, తలకి తువ్వాలు చుట్టుకుని, ముందుగా గోడమీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచేవారు, జ్వరం చూసినట్టు. "ఇంకా తడుందండి. ఆరనివ్వాలి," అనేవారు. ఎప్పుడవుతుందని అడిగితే, "గోడని తొందరపెట్టకూడదు టీచరుగారూ," అనేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. శుక్రవారం మధ్యాహ్నం మసీదుకి వెళ్లొచ్చి మళ్లీ పనిలోకి దిగేవారు. ముందుగదిలో గీకేటప్పుడు మావారి మంచం మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి అడ్డం కట్టేవారు. లేవమని ఒక్కసారీ అనలేదు.

కానీ పని సాగినకొద్దీ ఇల్లు వింతగా తయారైంది. నిలబడి చెయ్యి చాపితే అందినంతవరకూ కొత్త రంగు, ఆపైన పాత బూజు. వరద వచ్చి తీసినట్టుంది. నాకు ఒళ్లు మండింది.

"పైన ఎప్పుడు వేస్తారండీ?"

"నిచ్చెన పట్టుకునేవాళ్లు కావాలండి. పైకెక్కాలంటే నాకు భయం."

రంగులేసే మనిషికి నిచ్చెనంటే భయమా అని నవ్వుకోడానికి కూడా శక్తి లేదు. ఆదివారం నేనే పట్టుకుంటానన్నాను. పొద్దున్న బట్టలుతికి, వంట చేసి, వెళ్లి నిచ్చెన పట్టుకున్నాను. ఆయన మెల్లగా ఎక్కుతున్నారు. చల్లటి గోడ, సున్నం వాసన. మెట్టుకి తల ఆనించాను. అంతే తెలుసు. నిలబడే నిద్రపోయాను.

"టీచరుగారూ! టీచరుగారూ!" అని పైనుంచి కేకలు. కళ్లు తెరిచేసరికి నా చేతుల పక్కన ఇంకో రెండు చేతులున్నాయి. మావారు.

"నువ్వెళ్లి పడుకో," అన్నారు.

ఆయన నోటివెంట అన్ని మాటలు ఒక్కసారి విని ఎన్నాళ్లయిందో. వెళ్లి పడుకున్నాను. సాయంత్రం మెలకువ వచ్చేసరికి ముందుగదిలో రెండు గొంతులు వినిపిస్తున్నాయి. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. కొరమేను పులుసు గురించో ఏదో మాట్లాడుకుంటున్నారు. లేచి వెళ్తే ఆపేస్తారేమోనని అలాగే పడుకుని విన్నాను.

మర్నాటి నుంచి మావారు రోజూ నిచ్చెన పట్టుకున్నారు. ఒకరోజు రంగు తక్కువైతే తనే బజారుకి వెళ్లి తెచ్చారు. అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. పోయిన చెరువు పోయింది. ఆడపడుచు ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది. కానీ మేడ అద్దెకి పోయింది, మావారు ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. మావారిని మంచం మీంచి లేపడానికే మేస్త్రిగారు ఆ భయం నటించారని నేను నమ్మాను. ఎవరు అడిగినా అలాగే చెప్పేదాన్ని.

ఏలూరులో వాళ్లిల్లు చేరేసరికి జనాజా మోసుకుని బయల్దేరబోతున్నారు. మావారు మగవాళ్లతో వెళ్లారు. నేను లోపల ఆయన భార్య పక్కన కూర్చున్నాను. ఇలా మా ఆయన్ని నిలబెట్టారండి అని మొదలుపెట్టి ఆ నటన సంగతి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నటన కాదమ్మా. తాడేపల్లిగూడెంలో కల్యాణమండపానికి రంగులేస్తూ పైనుంచి పడ్డారు. ఎముకలు అతుక్కున్నాయి గానీ, నిచ్చెన ముట్టుకుంటే కాళ్లు వణికేవి. కిటికీలు, తలుపులు, అలాంటి కిందపనే చేసేవారు. ఎవరికీ చెప్పుకునేవారు కాదు. మీ ఇంటినుంచి ఒకరోజు చీకటిపడ్డాక వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, 'ఇవాళ పైకప్పు ముట్టుకున్నానే,' అన్నారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారమ్మా. మీవారు పట్టుకుంటే నిచ్చెన కదల్లేదట. ఆ తర్వాత ఎంత ఎత్తు పనైనా ఒప్పుకున్నారు."

ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తిరుగు బస్సులో మావారికి ఈ మాట చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నారు.

"నాకు తెలుసు," అన్నారు. "పైన మనిషి వణుకుతుంటే పట్టుకున్నవాడికి తెలీదా?"

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఆయన చెప్పుకోలేదుగా."

బస్సు కొల్లేరు దారిలోకి వచ్చింది. రెండుపక్కలా నీళ్లు, గుర్రపుడెక్క. ఎండ వాలిపోతోంది. అప్పుడు చూశాను, ఆయన కుడిచేతికి మట్టి. అందరితోపాటు తనూ గోతిలో పిడికెడు మట్టి వేసి వచ్చినట్టున్నారు. నీళ్ల సీసా మూత తీసి కడుక్కోమని అందించాను.

"ఉండనీ," అన్నారు. ఆ చెయ్యి మోకాలిమీద వెల్లకిలా పెట్టుకుని, బస్సు కుదుపులకి మట్టి రాలిపోకుండా వేళ్లు కాస్త ముడిచి, అలాగే కూర్చున్నారు.