బంచరాయిలో ఊరి పొయ్యి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బండ్లబాటను సర్కారు సడక్కుగా మారుస్తున్న ఏళ్లవి. బాట మీది ఇప్పలకుంటలో ఆ సడక్కు గురించి ఏదో ఒకటి అనని మనిషి లేడు. మగ్గం నేసే మార్కండేయ దానికోసం ఎదురుచూస్తున్నాడు. చీరెల మూట పట్టుకుని మోటారెక్కితే పొద్దెక్కేసరికి కామారెడ్డి టేషన్‌లో దిగొచ్చునని అతని లెక్క. గొర్లు కాసే బీరయ్యకు మాత్రం సడక్కు పేరెత్తితేనే మంట.

"మోటారుకు బ్రేకులుంటయంటున్నరు. నా గొర్రెకు బ్రేకులుంటయా?" అని కనబడ్డవాళ్లనల్లా నిలేసి అడిగేవాడు.

పటేలు నారాయణరెడ్డిది మూడో దారి. సడక్కు చక్కగా పోవాలి, తన మడికట్టు దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఒంగాలి. అది ఒంగింది కూడా. అలా ఒంగిన సడక్కు తిరిగి బాట ఎక్కేచోట, సున్నంతో గీసిన గీత సూటిగా భూదవ్వ ఇంటి నడుమ నుంచి పోయింది.

భూదవ్వను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోయినా చెప్పే మనిషే ఆమె. పెనిమిటి పోయిన నాటి నుంచీ ఆమె ఊరికి పేలాలు వేయిస్తూ బతికింది. మంగలంలో ఇసుక ఎర్రగా కాలి, జొన్నలు టపటపా పేలుతుంటే, ఆ చప్పుడు మీదుగా ఊరందరి ముచ్చట్లూ ఆమె గొంతులో వినిపించేవి. ఆమె పొయ్యి రాత్రిపూట కూడా ఆరేది కాదు, బూడిద కింద నిప్పు కునుకు తీసేది. తెల్లారి ఎవరింట్లో పొయ్యి రాజేయాలన్నా ఓ పిడక ముక్కతో ఆమె వాకిట్లోకి రావలసిందే.

"నిప్పుకొచ్చినవా, సుద్దులకొచ్చినవా?" అనేది భూదవ్వ.

"రెండిటికీ అవ్వా."

"అయితే కూసో. నిప్పు జల్దిన అయితది, సుద్దులకే పొద్దు పడుతది."

అలాంటి ఇల్లు సడక్కులో కలిసిపోయాక భూదవ్వ తన మంగలాన్నీ, మూడు పొయ్యిరాళ్లనూ నెత్తికెత్తుకుని మార్కండేయ పంచలోకి మారింది. మార్కండేయ మంచివాడే. కానీ పొగ మగ్గం మీది నూలుకు పట్టేది. అతను ఏమీ అనేవాడు కాదు, గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా భూదవ్వ పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగేది. తన పొయ్యి తనకు నచ్చినట్టు మండే జాగ ఒకటి కావాలి. ఆ ఏడు ఆమెకున్న కోరిక అదొక్కటే.

ఊరి బయట బంచరాయి ఉంది, పశువులు మేసే సర్కారు భూమి. కొత్త సడక్కు దాని అంచు నుంచే పోతుంది. అందులో ఓ మూల గుడిసె వేసుకుంటానని ఆమె పటేలును అడిగింది.

"ఇప్పుడా? నీకిస్తే ఆ వడ్డెరోళ్లు ఊకుంటరా? మాకూ రాసియ్యుమంటరు. ముందుగాల వాళ్లను పోనియ్యి, అటెన్క సూద్దాం" అన్నాడు పటేలు.

సడక్కుకు కంకర కొట్టే వడ్డెర కుటుంబాలు ఎండాకాలంలోనే వచ్చి బంచరాయిలో ఈతచాపల గుడిసెలు వేసుకున్నాయి. ఊరివాళ్లకు సడక్కు మీద ఎన్ని మాటలున్నా ఈ గుడిసెల మీద ఉన్నది ఒకే మాట. మేత పోయింది, కోళ్లు మాయమవుతున్నాయి, ఆ జాగ మన ఊరిది, వాళ్లెవరు? పటేలు ఈ మాట చావడిలో అన్నాడు, భూముల లెక్కలు చూసే సర్కారు గిర్దావరుతో అన్నాడు, ఆఖరికి క్షవరం చేయించుకుంటూ కూడా అన్నాడు. వనాల పండుగ దాటిన మర్నాడే గుడిసెలు ఎత్తించేస్తానని గిర్దావరు ఒప్పుకున్నాడు.

అందరికన్నా ఎక్కువగా ఆ మర్నాటికి కాచుకున్నది భూదవ్వే. గుడిసెల ముందునుంచి పోతూ, కంకర కొడుతున్న తిమ్మక్కను చూసి, "ఎప్పుడు పోతరు పిల్లా?" అని అడిగేది, పలకరింపులాగే.

"రాయి అయిపోతే పోతం అవ్వా. రాయి అయిపోతలేదు" అని సుత్తె ఆపకుండానే నవ్వేది తిమ్మక్క.

వానకాలం మొదట్లో ఇప్పలకుంట వనాలకు పోతుంది. ఆ రోజు పొద్దు పొడవకముందే ప్రతి ఇంట్లో పొయ్యి ఆర్పి, నీళ్లు చల్లి, తలుపులకు గొళ్లెం పెట్టి, పశువులతో కోళ్లతో పిల్లలతో ఊరు ఊరంతా బంచరాయికి నడుస్తుంది. రోగమో రొష్టో ఊళ్లో ఉంటే, ఎవరూ లేరని చూసి అదీ లేచిపోతుందని వాళ్ల నమ్మకం. అక్కడే వండి, అక్కడే తిని, పొద్దుగూకేవేళ ఆ వంట నిప్పునే తలా కాస్త తెచ్చుకుని ఇళ్లలో మళ్లీ పొయ్యి రాజేసుకోవాలి. అగ్గిపెట్టె గీసిన నిప్పు పనికిరాదు, పొరుగూరి నిప్పు అసలే పనికిరాదు. పొద్దు పొడవకముందు నుంచీ మండుతున్న ఊరి పొయ్యిలోంచి తీసిన నిప్పే కావాలి. అందుకే భూదవ్వ పొయ్యిలోంచి తీసిన నిప్పుల కుండ ముందు నడవాలి. ఊరు దాని వెనక నడవాలి.

ఆ ఏడూ భూదవ్వే ముందు నడిచింది. రాత్రంతా వాన పడి వెలిసింది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద కుండ, వెనక డప్పులు. ఆమె నడక చూస్తే పటేలు తన వెనక వస్తున్న సంగతి ఆమెకు బాగా తెలుసని ఎవరికైనా అర్థమవుతుంది. నలభై ఏళ్లుగా ఎరిగిన బాట కాబట్టి ఆమె కింద చూడలేదు. పాత బాట బంచరాయి వైపు తిరిగేచోట ఆమె కాళ్లు వాటంతటవే తిరిగాయి. అక్కడ ఇప్పుడు బాట లేదు. కొత్త సడక్కు పక్కన నిన్నమొన్న తవ్విన కాలువ ఉంది, అంచులదాకా ఎర్రనీళ్లతో నేలలాగే కనిపిస్తూ.

దబ్బున చప్పుడైంది. తర్వాత సుయ్యిమని ఇంకో చప్పుడు. డప్పులు ఆగిపోయాయి.

నడుముదాకా నీళ్లలో నిలబడి, భూదవ్వ ముందు కుండ పెంకుల కోసం తడుముకుంది. మార్కండేయ చెయ్యందించి పైకి లాగాడు.

"దెబ్బ తాకిందా అవ్వా?"

"నాకేం తాకలే. నిప్పు సచ్చింది."

అంతే, ఊరంతా ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టింది. "నేనప్పుడే అన్న, ఈ సడక్కు మనల్ని మింగుతదని! గొర్రె కాకుంటే అవ్వ!" అన్నాడు బీరయ్య, గెలిచిన మొహంతో. ఇళ్లకు పోదామంటే ఒక్క పొయ్యిలోనూ రవ్వ లేదు, అన్నీ శ్రద్ధగా ఆర్పి వచ్చారు. వండకుండా తిరిగిపోతే ఊరికి కీడు. అందరూ బంచరాయికి వచ్చి కూలబడ్డారు. పిల్లలు ఆకలని ఏడుపందుకున్నారు. కోళ్లు గంపల్లోంచి తప్పించుకుని గుడిసెల వైపు పరుగెత్తాయి.

ఆ గుడిసెల ముందు పొయ్యిలు భగభగా మండుతున్నాయి. జొన్నగట్క ఉడుకుతున్న వాసన గాలికి ఇటే వస్తోంది. అందరూ అది చూశారు. చూడనట్టు కూర్చున్నారు.

భూదవ్వ తడి కొంగు పిండుకుంటూ ఆ పొయ్యిల వైపు చాలాసేపు చూసింది. రేపు ఆ గుడిసెలు లేస్తే ఆ మూల తనది కావచ్చు. ఇప్పుడు పోయి వాళ్లను నిప్పడిగితే, రేపు ఏ మొహంతో పొమ్మంటారు? పొమ్మనకపోతే తన మూల ఏమవుతుంది? మార్కండేయ దగ్గు ఆమె చెవిలో వినబడింది. పక్కనే ఎవరి పిల్లో ఏడుస్తోంది. ఆమె లేచింది.

"పటేలా, ఒక మాటడుగుత. ఈ జాగ ఎవలది?"

"గదేం మాట? మనూరిది."

"గట్టిగ చెప్పు, అందరు ఇనాలె."

"మనూరిదే! ఎండాకాలం సంది నేను మొత్తుకునేది గదే కదా!"

"మనూరి జాగల ఉన్న పొయ్యి ఏ ఊరి పొయ్యి?"

పటేలు గుడిసెల వైపు తిరిగి చూశాడు.

"పరాయోళ్ల పొయ్యి అంటవా, అట్లయితే జాగ వాళ్లదయితది. జాగ మనదంటవా, పొయ్యీ మనదే. పొద్దుపొడుపు ముందు నుంచి మండుతున్నది. నువ్వే చెప్పు, ఏదంటవు?"

బీరయ్య ముందుగా నవ్వాడు. "అవ్వ నీళ్లల్ల పడి వకీలయి లేచింది పటేలా!" అన్నాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి, పటేలు మీసాల దాకా వచ్చింది. "పోయి తేపో, భూదవ్వా. పిల్లలు మాడుతున్నరు" అన్నాడు అతను.

తిమ్మక్క అప్పటికే ఆమె కోసం నిలబడి ఉంది. రెండు చంకల్లో రెండు కోళ్లు.

"మీ కోళ్లు అవ్వా. ఇడిసిపెడితే మల్ల మా మీదికే వస్తది మాట."



"నిప్పు కావాలె పిల్లా" అంది భూదవ్వ. "నిన్ను పొమ్మన్న నోటితోనే అడుగుతున్న."

"నిప్పుకేమున్నది, ఇస్తే తరుగుతదా?" అంటూ తిమ్మక్క రాతిచిప్ప నిండా కణకణలాడే నిప్పులు ఎత్తిపోసింది. "పెద్ద మంగలం ఉన్నదా? మా పిల్లలకు పేలాలంటే పాణం."

ఆ పగలు బంచరాయిలో ఎవరు ఊరివాళ్లో ఎవరు గుడిసెలవాళ్లో పొగలో ఆనవాలు పట్టడం కష్టమైంది. భూదవ్వ గుడిసెల పక్కనే మూడు రాళ్లు పెట్టి జొన్నలు వేయించింది. ఎవరి నూలుకూ పొగ పట్టదు కదా, కట్టె వెనక్కి లాగే పని లేకుండా మంట పెద్దది చేసింది. పేలాలు ఎగిరెగిరి పడుతుంటే ఊరి పిల్లలూ గుడిసెల పిల్లలూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఏరుకున్నారు. పటేలు రెండు విస్తళ్లు తిని, గాలి బాగుందని కాళ్లు చాపి పడుకున్నాడు.

పొద్దుగూకేవేళ ప్రతి ఇల్లాలూ ఆ నిప్పునే పిడక మీద పట్టుకుని ఊళ్లోకి నడిచింది. పటేలు ఇంట్లోనూ ఆ నిప్పే రాజుకుంది. మర్నాడు గిర్దావరు వచ్చేసరికి ఆ నిప్పు మీద కాగిన పాలే అతనికి ఇచ్చారు. పటేలు గొంతు సవరించుకుని, "రాయి ఇంకా మిగిలున్నది సాబ్. పని అయ్యేదాక ఉండనీయుండ్రి" అన్నాడు. "అట్లనే మా భూదవ్వది కూడ ఒక పొయ్యి అక్కడ పడ్డది. మల్ల కదిలిస్తే మంచిది గాదు."

భూదవ్వ గుడిసెకు గోడలు తిమ్మక్క వాళ్లే కట్టారు. ఇప్పలకుంటలో పటేలు ఇంటి తర్వాత రాతి పునాది ఉన్నది దానికే. దగ్గే వాళ్లు లేరు గనుక పొగ తన ఇష్టం వచ్చినట్టు పోయేది. సడక్కు పూర్తయ్యాక వడ్డెరల్లో చాలామంది ఎల్లారెడ్డి వైపు పనికి కదిలిపోయారు, తిమ్మక్కతో పాటు కొందరు మిగిలిపోయారు. తర్వాతి ఏళ్లలో వనాలకు నిప్పుల కుండ బంచరాయి నుంచి ఊళ్లోకి వచ్చి, ఊరిని వెంటబెట్టుకుని మళ్లీ బంచరాయికి పోయేది. ఈ తిరుగుడేమిటని పిల్లలు అడిగితే భూదవ్వ, "ముందు నడిచేది నేను. మీకెందుకు?" అనేది.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి మోటారు తిరగడం మొదలైనప్పుడు అది మొదట ఆగింది ఆమె గుడిసె ముందే. జొన్నలు పేలుతున్న చప్పుడు విని, టైరు పేలిందేమోనని డ్రైవరు దిగి చూశాడు. దిగినవాడు దోసెడు పేలాలు కట్టించుకోకుండా ఎక్కలేదు. లోపల కిటికీ పక్కన బీరయ్య కూర్చుని ఉన్నాడు, ఒడిలో గొర్రెపిల్లతో.

"సడక్కు గొర్లను మింగుతదంటివి గదా బీరయ్యా?" అని అరిచింది భూదవ్వ.

"ఇప్పుడు కూడ గదే అంటున్న!" అని అరిచాడు బీరయ్య, మోటారు కదులుతుండగా. "నాకో పొట్లం ఇటు ఇసురు!"