తువ్వాల కింద చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ నవ్వే. మా అత్తగారు అమావాస్యనాడు షాపు గుమ్మానికి నిమ్మకాయ కడితే, సాయంత్రం దాన్ని విప్పి సోడాలో పిండుకుని తాగిన మనిషిని నేను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను వట్టి అమాయకురాలి కింద జమకట్టకూడదని.

హనుమకొండలో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ గుడ్డలు, లైనింగులు, ఫాల్సు. ఏళ్ళ తరబడి కౌంటర్ వెనక నిలబడితే మనుషులను చదవడం దానంతటదే వస్తుంది. మా అమ్మాయి హాస్టల్‌కి పోతూ ఇంట్లో వదిలేసిన, జోస్యం చెప్పే టారో కార్డుల కట్ట ఒకటి దొరికింది. ఫోన్లో వీడియోలు చూసి ఆ విద్య నేర్చుకున్నాను. విద్య అనడం పెద్దమాటే. చీర పట్టుకొచ్చిన ఆవిడ ముఖం చూసి ఏ గుడ్డ తీయాలో తెలిసినట్టే, కార్డు తిప్పి ఎదుటి మనిషి కళ్ళు చూస్తే ఏం చెప్పాలో తెలిసేది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు వెనక గదిలో కూర్చుని చెప్పేదాన్ని.

కట్టలోంచి చావు బొమ్మను, కూలిపోయే బురుజు బొమ్మను, వీపులో కత్తులు దిగిన మనిషి బొమ్మను మొదట్లోనే తీసి గుండీల డబ్బాలో పడేశాను. కష్టాల్లో ఉండి వచ్చిన ఆడమనిషికి ఇంకో కష్టం చూపించడం ఎందుకు? నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకూ మంచే జరిగేది.

రజిత మే నెలలో వచ్చింది, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. మా షాపుకి వచ్చే ఒక టీచరమ్మ పంపిందట. ఖిలా వరంగల్‌లో ఇల్లు. ఎనుమాముల మార్కెట్లో మిర్చికి తొడిమెలు తీసే పనికి పోతుంది. భర్త సమ్మయ్య పశువుల అంగళ్ళలో దళారి. కిందటేడు దసరాకు ముందు ఎడ్ల కోసమని మహారాష్ట్ర వైపు లారీలో పోయినవాడు మళ్ళీ రాలేదు. ఫోన్ కలవలేదు. పోలీసులకు చెప్పినా జాడ లేదు.

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన రజిత అత్తగారు ఇక కొడుకు లేడని తేల్చేసింది. దర్భలతో బొమ్మ చేసి, దాన్ని దహనం చేసి, దినాలు చేద్దామని కులపెద్దలతో మాట్లాడి ఆదివారం ముహూర్తం పెట్టించింది. ఆ రోజు రజిత గాజులు పగలగొట్టాలి, మెట్టెలు తీసేయాలి. ఆ అమ్మాయి ఇదంతా ఏడవకుండానే చెప్పింది.

"సచ్చిండని తెలిస్తే ఏడ్సి ఊకుంట అక్కా. బతికున్న మనిషికి ఎట్ల కొరివి పెట్టియ్యాలె? ఉన్నడా లేడా, అదొక్కటి చెప్పు" అంది.

నిజం చెబుతున్నాను, చనిపోయాడనే నేననుకున్నాను. కానీ ఆ ముఖం చూశాక ఆ మాట అనే ధైర్యం లేదు. రెండు మంచి కార్డులు తీసి, వస్తాడమ్మా, కాస్త ఓపిక పట్టు అని పంపించేద్దామనుకున్నాను.

ఎవరి గురించి అడుగుతారో వాళ్ళ వస్తువు ఒకటి తెమ్మనడం నా అలవాటు. రజిత సమ్మయ్య భుజం మీద వేసుకునే ఎర్ర తువ్వాల తెచ్చింది. కార్డులు పరిచాను. పైన ఫ్యాన్ గాలికి అవి బల్ల మీద నిలవడం లేదు. ఫ్యాన్ ఆపితే ఆ గదిలో ఉడికిపోతాం. అందుకని ఆ తువ్వాలనే కార్డుల మీద కప్పి, కుడిచెయ్యి కిందికి పోనిచ్చి ఒక కార్డు కోసం తడిమాను.

నా చేతిని ఎవరో పట్టుకున్నారు.

తగలడం కాదు, పట్టుకోవడం. మగవాడి చెయ్యి. వెచ్చగా ఉంది. అరచేయంతా తాడు లాగి లాగి కాయలు కాసినట్టు గరుకుగా ఉంది. నా వేళ్ళన్నీ మడిచి పిడికిలి చేసి, ఆ పిడికిలిని గట్టిగా మూసి ఒత్తిపెట్టింది. వదిలి, మళ్ళీ ఒత్తింది. రజిత చేతులు రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి, ఒళ్ళోని సంచీ పట్టుకుని. బల్ల మీద తువ్వాల నా ఒక్క చెయ్యి ఉన్నంత మేరే ఉబ్బి ఉంది.

చెయ్యి బలంగా లాక్కున్నాను. లాక్కునేటప్పుడు నా వేలికున్న పగడపుటుంగరం దేన్నో గీసుకుంటూ వచ్చింది. అదీ తెలిసింది నాకు. తువ్వాల తీసి చూస్తే కార్డులు తప్ప ఏమీ లేవు.

ఏమైందని రజిత అడిగింది. ఏం చెప్పాలో తెలియక ఆమె చెయ్యి అందుకుని, నాకు జరిగినట్టే వేళ్ళు మడిచి, పిడికిలి మూసి ఒత్తాను. ఆ అమ్మాయి ముఖంలో నెత్తురు లేదు.

తరువాత మెల్లగా చెప్పింది. అంగట్లో ఎడ్ల బేరం నలుగురికీ వినిపించేట్టు నోటితో ఆడరట. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారట. ఏ దళారి సైగలు ఆ దళారికుంటాయి. సమ్మయ్య తన సైగలు ఇంట్లో ఈమెకు సరదాగా నేర్పాడు. అత్త ముందు మాట్లాడలేనప్పుడు తువ్వాల అడ్డం పెట్టుకుని వాళ్ళిద్దరూ వేళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళట. నాకు ఇవేవీ తెలియవు. నేను పుట్టి బుద్ధెరిగి పశువుల అంగడికి పోలేదు.

ఈ సైగకు అర్థమేమిటని అడిగాను.

"ఆగుమంటాండు" అంది. "బేరం ఇంక తెగలేదు, తొందరపడకు అంటాండు."

ఆమె మళ్ళీ తనే అడిగింది, తన చిటికెన వేలు కూడా మడిచాడా అని. అప్పుడు గుర్తొచ్చింది. మిగతా వేళ్ళు మూసుకున్నాయి గానీ చివరి వేలు మాత్రం నా మణికట్టుకు కట్టెపుల్లలా ఆనింది. అది చెప్పగానే రజిత బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. ఎద్దు తొక్కినప్పటినుంచీ సమ్మయ్యకు ఆ వేలు వంగదట.

ఆదివారం దినాలు జరగనివ్వలేదు ఆమె. అత్తగారు నా షాపుకి వచ్చి, గిరాకీల ముందే నన్ను కడిగిపారేసింది. నీ కార్డులు అగ్గిల పెట్ట, నా కొడుకు ఆత్మకు నీళ్ళు లేకుండ చేస్తివి అంది. ఆ పెద్దావిడ అన్నదే నిజమైతే? నాకేదో భ్రమ కలిగి, దాని మీద ఒక ఆడపిల్ల బతుకంతా ఎదురుచూస్తూ కూర్చుంటే? కార్డుల కట్ట బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ వానాకాలమంతా నాకు అన్నం సహించలేదు.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా రజిత ఫోన్ చేసింది. సమ్మయ్య దొరికాడు. బతికే ఉన్నాడు. పోయిన రోజే లారీ బోల్తాపడి తలకు దెబ్బ తగిలిందట. అక్కడి దవాఖానలో నెలలు, తరువాత ఎవరో దయగలవాళ్ళు నడిపే ఆశ్రమంలో ఇంకొన్ని నెలలు. తన పేరు తనకే గుర్తులేదు. ఈమధ్యే ఒక్కొక్కటీ జ్ఞాపకమొచ్చి ఊరి పేరు చెప్పగలిగాడు.

నా సంతోషం ఇంతా అంతా కాదు. స్వీట్ డబ్బా పట్టుకుని ఖిలా వరంగల్ పోయాను. నన్ను తిట్టిన అత్తగారే ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. సమ్మయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు, చిక్కి సగమై, భుజాన అదే ఎర్ర తువ్వాలతో. నమస్కారం పెట్టబోతూ ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తాడు.

కుడిచెయ్యి మోచేతి దాకా లేదు.

ప్రమాదం జరిగిన మర్నాడే తీసేశారని రజిత చెప్పింది. అంటే నా వెనక గదిలో ఆమె కూర్చునే నాటికి ఆ చెయ్యి ఈ లోకంలో లేదు. ఎడమచేతి చిటికెన వేలు చూశాను. అది బాగానే వంగుతోంది.

తీసేసిన చెయ్యి ఉన్నట్టే దురద పెడుతుందని, నొప్పి పుడుతుందని మా మరిది చెప్పాడు. ఆయన డాక్టర్. ఉండొచ్చు. అది సమ్మయ్యకు తెలియాలి గానీ నా పిడికిలికెందుకు తెలియాలి?

తువ్వాల కింద జరిగిన సంగతి ఆ రోజు నేను సమ్మయ్యతో అనలేదు. తలకు దెబ్బ తగిలిన మనిషి, భయపెట్టకూడదని రజిత కూడా అప్పటిదాకా చెప్పలేదట. స్వీట్ డబ్బా అందించాను. దాన్ని తీసుకోకుండా నా వేళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఈ ఉంగరమే అక్కా" అన్నాడు, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ. "ఎండకాలంల నన్ను గీసుకపోయింది."

ఎక్కడ అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

ఎడమచేతి వేలితో చూపించాడు. కుడి మోచెయ్యి ఆగిపోయిన చోటు దాటి, తువ్వాల అంచు దాటి, ఏమీ లేని గాలిలో, అరచెయ్యి ఉండాల్సిన చోట. రజిత నా వైపు చూసింది. నేను ఉంగరమున్న చేతిని కొంగు కింద దాచుకున్నాను.